గాటు లేని బిళ్ళ

ఆ పెట్టె ఇలా కిటికీ దగ్గరికి తీసుకురా టెస్సా. నా కళ్ళు బాగానే ఉన్నాయి, వెలుతురే ముసలిదైపోయింది. ఓహోహో! మీ తాతదేనా ఇది? ఓర్విల్ హాగ్‌స్టాడ్ గాలాల పెట్టె! అటక మీద దొరికిందా? చూశావా, తుప్పు కూడా ఆయనంటే భయపడి అంచుల దగ్గరే ఆగిపోయింది. రేపు పొద్దున్నే కోకనీ చేపలకి పోతున్నావు, గాలానికి ఏ రంగు ఎర బిళ్ళ కట్టాలో చెప్పమంటావు, అంతేగా? సరైన మనిషి దగ్గరికే, ఈ ఏమస్ దగ్గరికే వచ్చావు. ఈ సరస్సులో ఇప్పుడున్న కోకనీలకంటే నేను పట్టినవే ఎక్కువ. నవ్వుతావేం? ఒక వేసవి నాకు నడుం పట్టేసి గాలం ముట్టుకోలేదు, చేపలు పెరిగిపోయి నీళ్ళు పొంగి రేవు చెక్కలు మునిగాయి. మీ నాన్నని అడుగు. సరే, కూచో. ముందు ఆ తళుకు రేకు తియ్యి, అరిచెయ్యంత ఉందే, అది. నీళ్ళలో అటూ ఇటూ ఊగుతూ చేపని పిలిచేది అదే. దాని వెనక దారం, రేకుకి రెండింతలు, అంతకి మించకూడదు. పొడుగైతే వెనక బిళ్ళ నిద్రపోతుంది. రేకుకి ముందు ఈ రబ్బరు ముక్క. అది మర్చిపోయావో, అయిపోయావ్. కోకనీ పెదవి తడిసిన కాగితం లాంటిది, ఒక్క గుంజుకి చిరిగి ఊరుకుంటుంది, నీకు మిగిలేది ఏడుపే. కొక్కేనికి తెల్ల మొక్కజొన్న గింజ ఒకటి. ఇక బిళ్ళ... ఏంటీ? గాట్లా? ఏదీ చూడనీ.

ఊఁ. ఎలుకలు కొరికినవి కాదులే తల్లీ. మీ నాయనమ్మ మెర్నా ఆకురాయితో రాసిన గాట్లవి. గులాబి బిళ్ళ అంచున ఒక గాటు. నారింజకి రెండు. ఆకుపచ్చకి మూడు. వేలితో తడిమితే తెలుస్తుంది, చూడు. మీ నాన్న ఎప్పుడూ చెప్పలేదూ? ఈ గాట్ల సంగతి వాడికి చెప్పి ఉండరు. మీ తాతకి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదమ్మా. పుట్టుకతోనే అంతే. గులాబీ, ఆకుపచ్చా రెండూ పక్కపక్కన పెడితే ఆయనకి రెండు మట్టిబెడ్డలు. పెళ్ళైన కొత్తలో మెర్నా ఎర్ర గౌను వేసుకొచ్చి ఎలా ఉందంటే, "పచ్చిక మీద కూచుంటే ఇక నిన్ను వెతుక్కోవాలి" అన్నాట్ట. అప్పుడు తెలిసింది ఆవిడకి. అప్పట్నుంచీ ఆవిడే ఆయన కళ్ళు. అప్పట్లో మూడో మనిషికి తెలీదు. నాక్కూడా, ఇంత ప్రాణ స్నేహితుణ్ణి, నాక్కూడా తెలీదు! ఎందుకు దాచాడంటావా? అక్కడికే వస్తున్నా, నువ్వు తొందరపెట్టకు, నేను తొందరపడితే కథ కాళ్ళు విరుగుతాయి.

అప్పట్లో మేమిద్దరం కెప్టెన్ లూథర్ పెండ్రీ దగ్గర దుంగలు లాగే బోటు మీద పనివాళ్ళం. కొండల్లో నరికిన దుంగల్ని తెప్పలా గొలుసేసి, బోటు వెనక ఉక్కుతాడుతో కట్టి, ఉత్తరం ఒడ్డు నుంచి మిల్లు దాకా లాక్కుపోవడం. మేకుల బూట్లేసుకుని తడి దుంగల మీద పరిగెత్తేవాళ్ళం. నేను కళ్ళు మూసుకుని పరిగెత్తేవాణ్ణి, ఒకసారి నిద్రలో కూడా పరిగెత్తాను, అది వేరే సంగతి. ఈ కథకి ముందు శీతాకాలం మీ తాత మోకాలు రెండు దుంగల మధ్య నలిగింది. డాక్టరు, "మళ్ళీ దుంగలెక్కితే ఈ కాలు నీది కాదు" అన్నాడు. ఆయనకి మిగిలింది ఒక్కటే దారి, చుక్కాని. కెప్టెన్‌కి వయసు మీద పడింది, ఆ ఏడాదే దిగిపోతానని అన్నాడు, తన చోట ఎవర్ని నిలబెట్టాలో తనే చెబుతానన్నాడు. ఆ చోటు దొరికితే మీ తాత సరస్సు మీద ఉంటాడు. దొరక్కపోతే మెర్నాని తీసుకుని పట్నంలో ఏ గిడ్డంగిలోనో పెట్టెలు మోసుకోవాలి. నీళ్ళు కనపడకపోతే ఆ మనిషి బతకడు. ఇక చుక్కాని పట్టేవాడికి ఏం కావాలి? దీపాలు తెలియాలి. ఏ బోటుకైనా ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క ఆకుపచ్చ. ఎదురుగా ఎర్రది కనిపిస్తే అది నీ ఎడమకి పోతోందని, ఆకుపచ్చదైతే కుడికి పోతోందని. అర్థమైందా ఎందుకు దాచాడో?

పెండ్రీకి ఒక పద్ధతుండేది. పరీక్షలూ కాగితాలూ ఏమీ లేవు. మనిషిని పొద్దున్నే పడవెక్కించి కోకనీకి తీసుకెళ్తాడు, అంతే. "గాలం ఈడ్చడం రానివాడు దుంగలేం ఈడుస్తాడోయ్?" అనేవాడు, గొంతు ఇట్లా, ముక్కులోంచి. నిజమే మరి. పడవ మనిషి నడిచేంత నెమ్మదిగా పోవాలి, పాములా మెలికలు తిరగాలి, వెనక దారాలు చిక్కుపడకూడదు, ఏ రంగు, ఎంత లోతు, అన్నీ చూసుకోవాలి. నన్ను ముందే తీసుకెళ్ళాడు. నేను ఎన్ని పట్టానంటే పడవ అంచు నీటికి బెత్తెడే మిగిలింది. సరే, జానెడు. ఆ రోజు మీ తాత వంతు. వల పట్టుకోడానికి నన్ను రమ్మన్నారు. మెర్నా ఈ పెట్టెని, ఇదిగో ఇదే, రాత్రంతా సర్ది, ప్రతి గాటూ మళ్ళీ రాసి ఆయన చేతికిచ్చింది. రేవులో పడవెక్కబోతుంటే కెప్టెన్, "ఆ పెట్టె ఎందుకోయ్? కాళ్ళకడ్డం. ఇవాళ నా పెట్టెలోంచే కడతావు" అన్నాడు. మీ తాత, "నా బిళ్ళలు నాకలవాటు కెప్టెన్" అన్నాడు. "అలవాట్లు చూడ్డానికి కాదు నేనొచ్చింది. దించు." దించాడు. రేవు చెక్కల మీద ఈ పెట్టె, పక్కన మెర్నా. మేము కదిలితే ఆవిడ చెయ్యి కూడా ఊపలేదు. రెండు చేతులూ శాలువాలో బిగించి అలా నిలబడే ఉంది, మంచులో కలిసిపోయేదాకా. నేనేమో, చలికి కాబోలు అనుకున్నా.

పొగమంచు సంగతి అడక్కు! నా ముక్కు నాకు కనపడలేదు, నా ముక్కు సంగతి నీకు తెలుసుగా. మీ తాత వెనక చుక్కాని దగ్గర. కెప్టెన్ నడుమ, వెనక్కి తిరిగి కూచున్నాడు, గాలపుకర్రల మీదే కళ్ళు. నేను ముందు, వలతో. కెప్టెన్ తన పెట్టె తెరిచి మీ తాత ఒళ్ళో పెట్టాడు. "గులాబిది కట్టు." పెట్టె నిండా బిళ్ళలు, ఒకే ఆకారం, ఒకే సైజు, నున్నగా, ఒక్క గాటు లేదు. ఆ క్షణం గురించి మీ తాత తరవాత ఎన్నిసార్లు చెప్పాడో నాకు. "పళ్ళెంలో మట్టిబెడ్డలు పోసి ఇందులో బంగారం ఏరమన్నట్టుంది ఏమస్" అన్నాడు. ఆయన వేళ్ళు ప్రతి బిళ్ళ అంచూ తడిమాయి, గాటు కోసం. అలవాటు. నాకేమో నవ్వొచ్చి, "ఏంటోయ్, బేరమాడుతున్నావా?" అన్నాను. ఆయన నవ్వలేదు. ఒకటి తీశాడు. నా వైపు కాస్త ఎత్తి పట్టుకున్నాడు. నేనేమైనా అంటానేమోనని! నాకేం తెలుసు? వల విప్పుకుంటూ తల దించుకున్నాను. కట్టేశాడు. ఆకుపచ్చది కట్టాడు తల్లీ. దారం కొలత, ముడి, రబ్బరు, గింజ, అన్నీ దేవుడు కట్టినట్టు కట్టాడు. రంగొక్కటే తప్పు.

కెప్టెన్ చూశాడు. దవడ బిగిసింది. ఒక్క మాట అనలేదు. అంతే, అదే చంపింది మీ తాతని. నీళ్ళలోకి వదిలాడు, దించాడు, పడవ మెలికలు తిప్పుతున్నాడు, అద్భుతంగా తిప్పుతున్నాడు, ఒక్క చేప ముట్టదు. నేను పాత సంగతేదో ఎత్తుకోబోతే కెప్టెన్, "నోరు మూసుకో ఏమస్" అన్నాడు. జీవితంలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. చాలాసేపయ్యాక, తల తిప్పకుండా, "ఏ రంగు మీద ఉన్నాం హాగ్‌స్టాడ్?" అన్నాడు. మీ తాత చుక్కాని వదలకుండానే చెప్పాడు, "గులాబి, కెప్టెన్." కెప్టెన్ పొగాకు నీళ్ళలోకి ఉమ్మి, "గులాబా. బావుంది" అన్నాడు. ఆ 'బావుంది' ఎలా అన్నాడనుకున్నావ్? కత్తిని తుడిచి ఒరలో పెట్టినట్టు. మీ తాతకి తెలిసిపోయింది, దొరికిపోయానని.

అప్పుడు వినపడింది కూత. బోటు కూత. మంచులో కూత ఎటు నుంచి వస్తుందో దేవుడిక్కూడా తెలీదు, నాలుగు దిక్కులా ఒకేసారి మోగుతుంది. ఇంజను చప్పుడు బట్టి తెలుస్తోంది అది లాగే బోటని. వెనక దుంగల తెప్ప ఉందన్నమాట. మధ్యలో ఉక్కుతాడు, నీటికి జానెడు పైన, నిగడదన్ని. ఆ తాడు కిందికి పోయిన పడవ కథలు నేను చెప్పను నీకు. నేను గొప్పలు చెబుతానని ఊరంతా అంటుంది గానీ, అవి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆ బోటు ఎటు పోతుంటే మనమూ అటే తిరిగి దాని పక్కనే పరిగెత్తాలి. ఎదురు తిరిగితే తాడు. అంతే లెక్క. కెప్టెన్ కర్రల వైపు నుంచి కదల్లేదు, మెడ కూడా తిప్పలేదు. "దీపం కనపడుతోందా?" అన్నాడు. "ఒకటి కనపడుతోంది" అన్నాడు మీ తాత. "ఏ దీపం?"

చూడు, సగానికి సగం అవకాశం ఉంది. ఎరుపు అన్నా, ఆకుపచ్చ అన్నా, ఏదో ఒకటి అనొచ్చు. నిజమైతే చుక్కాని ఆయనదే, జన్మంతా. పొద్దున్న బిళ్ళ దగ్గర చేసింది అదేగా? నేనైతే అనేసేవాణ్ణి. నేనేంటి, నీళ్ళ మీద బతికే ఏ పొగరుబోతైనా అనేసేవాడే. దీపం పెద్దదవుతోంది. కెప్టెన్ మళ్ళీ, "ఏ దీపం హాగ్‌స్టాడ్!" అని అరిచాడు. మీ తాత లేచి నిలబడ్డాడు. "నాకు తెలీదు!" అన్నాడు. "ఎర్రదో ఆకుపచ్చదో నాకు తెలీదు. పుట్టినప్పట్నుంచీ తెలీదు. ఏమస్, చూసి చెప్పరా, చూసి చెప్పు!" తల తిప్పాను. మంచులో, ఇంత దగ్గర, నా పిడికిలంత. "ఎరుపు!" అని ఎంత గట్టిగా అరిచానంటే అవతలి ఒడ్డున కెనడాలో పక్షులు లేచాయి. ఆయన పడవని ఎడమకి తిప్పాడు. ఒక్క ఉదుటున కాదు, అలా తిప్పితే దారాలు ఇంజనుకి చుట్టుకుంటాయి. రొట్టె మీద వెన్న రాసినట్టు. బోటు పక్క నుంచి గోడలా పోయింది. ఆ తరవాత తాడు, నీళ్ళు కారుస్తూ, సన్నగా కూస్తూ. నేను చెయ్యి చాపితే అందేది. ఇది గొప్ప కాదు టెస్సా, నిజంగా అందేది. ఆ వెనక దుంగలు, దుంగలు, దుంగలు. తడి చెక్క వాసన ముక్కులోంచి పోలేదు నాకు నెలదాకా.

అంతా దాటిపోయింది. అప్పుడు, నమ్ముతావో నమ్మవో, గాలపుకర్ర వంగింది. మీ తాత లాగలేదు, ఊరికే పట్టుకుని చేపనే రానిచ్చాడు. నేను వల వేశాను. ఎంత చేపనుకున్నావ్? సరే, మామూలుదే. వెండిలా ఉంది. నోట్లో బిళ్ళ. కెప్టెన్ దాన్ని తీసి ఆయన ముఖం దగ్గర పెట్టాడు. "నేను కట్టమన్నది గులాబి. ఇది ఆకుపచ్చ. నువ్వు నా మాట లెక్కచెయ్యని తలబిరుసువాడివనుకున్నా. నా ముఖం మీదే గులాబి అంటున్నావని పొద్దుట్నుంచీ కడుపు మండిపోతోంది నాకు." చూశావా! ఈయనేమో దొరికిపోయానని చస్తున్నాడు. ఆయనేమో పొగరని ఉడికిపోతున్నాడు. పడవంత చోటులో ఇద్దరూ చెరో సరస్సు మీద ఉన్నారు. "నీకు చుక్కాని ఇవ్వలేనోయ్" అన్నాడు కెప్టెన్. "తెలుసు కెప్టెన్." "ఇంకెవడైనా అయితే రంగు ఊహించి చెప్పేవాడు." "తెలుసు కెప్టెన్." అంతే. పడవ రేవుకి తిప్పాం. ఆ ఏడాది కెప్టెన్ చోట చుక్కాని నాకిచ్చారు. అవును, నేను గొప్ప కెప్టెన్నే, ఎవరు కాదన్నారు? కానీ ఎర్ర దీపం చూసిన ప్రతిసారీ నా చెవుల్లో ఆయన గొంతే, చూసి చెప్పరా అని.

ఆ తరవాతే కదా మీ తాత రేవు పక్కన పాక వేసుకుని బిళ్ళలు చెయ్యడం మొదలెట్టింది. రంగులు తెలీనివాడు రంగులేస్తాడా అని ఊరంతా నవ్వింది. మెర్నా రంగు చూసి డబ్బా అందించేది, ఈయన వేసేవాడు. ఇంకా, లోతుకి పోయేకొద్దీ ముందు చచ్చేది ఎరుపేనమ్మా, గులాబీ అక్కడ మట్టి రంగే. ఓర్విల్ ఒడ్డున కూచుని కూడా అడుగున చేప చూసినట్టే చూసేవాడు. ఏది వెలుగుతుందో, ఏది ఆరిపోతుందో ఆయనకి తెలిసినట్టు నాక్కూడా తెలీదు. అంటున్నా చూడు, నేను, నాక్కూడా తెలీదంటున్నా! సరస్సు వదిలి ఎక్కడికీ పోలేదు ఆయన.

ఏదీ? అడుగు అరలోనా? ఇలా ఇవ్వు. ఇది... దీనికి గాటు లేదు, అవును. ఆ రోజుదే. కెప్టెన్ దిగేటప్పుడు ఆయన జేబులో పడేశాడు. రేవులో మెర్నా అక్కడే ఉంది, పొద్దున్న ఎక్కడ వదిలామో అక్కడే, ఈ పెట్టె కాళ్ళ దగ్గర. ఆయన ముఖం చూసింది. ఈయన బిళ్ళ ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వెలుతురుకి పట్టి చూసి, "ఆకుపచ్చ. మూడు గాట్లు పెడతాను ఇంటికెళ్ళాక" అంది. మీ తాత దాన్ని తిరిగి తీసుకున్నాడు. "దీనికొద్దు మెర్నా" అన్నాడు. "దీని రంగు నాకు తెలుసు."

...

ఆ మొక్కజొన్న డబ్బా ఎక్కడ పెట్టావ్? మూత తియ్యి. గింజలు పసుపువి తెచ్చావా, తెల్లవా?