ఫెయిలైన చిన్నరసం

ఆగిరిపల్లి సెంటర్లో జోజమ్మ టీ కొట్టు. మామిడి రైతుల సంఘం ప్రెసిడెంటు సలోమోను గారు రోడ్డు మలుపులో పదడుగుల సిమెంటు మామిడికాయ పెట్టించాలనుకుంటున్నారు. ఆ పని ఎలాగైనా తనకే రావాలని, యూనివర్సిటీలో శిల్పం నేర్పే లక్ష్మీనరసింహారావు మాస్టారు టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా, ఎదురుగా కూర్చున్న ఆయనకి చెబుతున్నారు.

"గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదండీ, ఉన్నదే చెప్తా. పోయిన ఏప్రిల్లో ఫస్టియర్ పిల్లల్ని మట్టితో చిన్నరసం కాయ చేసుకు రమ్మన్నా. ఇరవై కాయలు తెచ్చారు, ఒక్కదాంట్లోనూ జీవం లేదు. ఆఖరి కాయ తీసుకుని తొడిమ దగ్గర ఇలా, ఈ బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాటికి వాసనొచ్చింది."

"మట్టి వాసనేమోనండీ," అంది జోజమ్మ.

"రసం వాసన జోజమ్మా. రెండోనాటికి చీమలు బారులు తీరాయి, మూడోనాటికి పండింది. మట్టిముద్ద పండటమేంటి అంటారా, నేనూ అదే అన్నా, కాయ వింటేగా! చిలకలు కిటికీ అద్దాలు పగలగొట్టుకుని వచ్చాయి, వైస్ చాన్సలర్ గారు మెడకి తువ్వాలు కట్టుకుని మరీ జుర్రుకున్నారు, టెంక పెరట్లో పారేస్తే సాయంత్రానికి మొలిచింది, వారం తిరిగేసరికి బిల్డింగు కప్పు లేపేసింది. ఇప్పుడు మా పిల్లలు కొమ్మల మీద కూర్చునే క్లాసు వింటున్నారు. మొన్న ఓ షావుకారొచ్చి డిపార్టుమెంటు మొత్తం గుత్తకి అడిగాడండీ, నాతో సహా."

"మీరెందుకండీ?"

"నొక్కడానికి. అందుకే అంటున్నా, సలోమోను గారూ, మీ కాయ నా చేతిలో పెట్టండి. ఒక్కటే భయం, అది పండి రాలితే విజయవాడ బస్సులు ఆగిపోతాయి."

సలోమోను గారు సరేననేలా ఉన్నారు. ఆయన్ని తీసుకెళ్దామని స్కూటీ మీద వచ్చిన కూతురు షాలోమి వెనకే నిలబడి అంతా వింది.

"వాసనా, చీమలూ, పండటం, అంతవరకూ నిజమే నాన్నా," అంది.

"చూశారా? నా స్టూడెంటే," అన్నారు మాస్టారు.

"ఆ కాయ నాదే సార్. చేయడానికి టైం లేక మా తోటలో కాయే కోసి, పైన పల్చగా మట్టి పూసి తెచ్చా. మీరు నొక్కి చూసి, అసలెప్పుడైనా మామిడికాయ మొహం చూశావా అని నన్ను ఫెయిల్ చేశారు."

మాస్టారు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశారు. సలోమోను గారు లేచి నిలబడ్డారు.

"మా నాన్న నాటిన చెట్టు కాయని ఫెయిల్ చేశారా మాస్టారూ?"