నడుము పట్టీలు విప్పించిన గౌను

“బ్రష్షు కాస్త కింద పెట్టవయ్యా పెయింటరూ, తొందరేముంది? ఎదురుగా ఆ కొత్త కుట్టు స్కూలు గోడ మీద ‘ఆడవాళ్ల బట్టల తీరు మార్చినవారు’ అని రాసి ఆపావు కదా, కింద ఎవరి పేరు వేయాలో ఈ టీ అయ్యేలోగా చెప్పేస్తాను. నా పేరే. నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది?

ఆ రోజుల్లో ఆడవాళ్లు గౌను కింద నడుముకి పట్టీ బిగించేవాళ్లు. మామూలు పట్టీ కాదయ్యా, లోపల తిమింగలం ఎముకలు పెట్టి కుట్టింది. వెనకాల ఇద్దరు నిలబడి తాళ్లు లాగితే ఆ మనిషికి కళ్లు తేలిపోయేవి. నడుము ఎంత సన్నగా ఉంటే అంత నాజూకని లెక్క. మా అక్క కుట్టు కొట్లో నేను సాయంగా ఉండేవాణ్ణి. ఓ రోజు ఓ పాటలావిడ వచ్చింది. ఊపిరాడక సగం పాటలోనే పడిపోతోందట పాపం. పైనుంచి కిందికి ఒక్కసారి చూశాను, కత్తెర అందుకున్నాను, మూడు నిమిషాల్లో గౌను తయారు! పట్టీ లేదు, తాడు లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?” అన్నాడు టీకొట్టాయన, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

“ఆ సాయంత్రం ఆవిడ గొంతెత్తింది, దించడానికి మూడు రోజులు పట్టింది! ముందు వరసలో వాళ్లకి గడ్డాలు పెరిగిపోయాయి.”

“మూడు రోజులే?”

“నువ్వు నమ్మవని తగ్గించి చెప్పాను. నాలుగో రోజు రాణిగారు కబురు పెట్టింది. మెట్లెక్కడమే చేతకాని మనిషి, నా గౌను తొడుక్కుని రైలు వెనకాల పరిగెత్తి, దాన్ని దాటేసి, తర్వాతి స్టేషన్లో దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంది! ఇక పట్టీలు ఎవరిక్కావాలి? ఎముకల వేట ఆగిపోయింది. తిమింగలాలన్నీ వరసగా ఒడ్డుకొచ్చి నాకు దండం పెట్టాయి.”

“వాటికి చేతులెక్కడివి?”

“అందుకే తోకలతో పెట్టాయి. తడిసి ముద్దయిపోయాననుకో.”

అందరూ విరగబడి నవ్వారు. పెయింటరు మాత్రం నమ్మినట్టే ఉన్నాడు, పేరు రాద్దామని లేచాడు. అప్పుడు, వాళ్లక్క కొట్లో నలభై ఏళ్లు గుండీలు కుట్టిన పెద్దమ్మ బల్ల మీద గ్లాసు పెట్టింది.

“ఒరేయ్ అబ్బాయ్, ఆ గౌను కొలతలు గుర్తున్నాయా?”

“నిద్రలో లేపి అడిగినా చెప్తాను పెద్దమ్మా. భుజం పద్నాలుగు, నడుము ఇరవై రెండు. అరంగుళం అటూ ఇటూ లేదు!”

“ఆ గౌనుకి నడుమే లేదు కదరా! భుజాల మీంచి తిన్నగా పాదాల దాకా జారేది. మీ అక్క అసలు టేపే ముట్టుకోలేదు. గుడ్డ ఆవిడ మీదే వేసి, కూర్చోమంది, వంగమంది, పాడమంది, ఎక్కడ పట్టేస్తే అక్కడ వదులు చేసుకుంటూ వచ్చింది. నువ్వు మధ్యలో టేపు పట్టుకొచ్చి ‘అక్కా, నడుమెంత?’ అన్నావు. అందుకేగా నిన్ను ఇస్త్రీ బల్ల దగ్గరికి తోలింది!”

టీకొట్టు దద్దరిల్లింది. “అయితే అక్కగారి పేరేనా?” అన్నాడు పెయింటరు.

మనవాడు వెంటనే మాట మార్చేశాడు.

“ఇంకెవరిదయ్యా మరి? పెద్ద పెద్ద అక్షరాలతో రాయి! ఇంతమంది ఆడవాళ్లకి ఊపిరి పోసింది మా అక్క, నాకు గర్వంగా ఉండదూ?” అన్నాడు గట్టిగా. పెయింటరు రోడ్డు దాటాక మళ్లీ కేకేశాడు.

“ఇదిగో, కింద జాగా మిగిలితే చిన్నగా రాయవయ్యా, ఇస్త్రీ మాత్రం తమ్ముడిదని!”