దిండు కింది నవల

ఇండోనేషియాలోని కెదిరి ఊళ్లో చక్కెర మిల్లు వెనక వీధిలో రుమియాతి ముసలమ్మది అద్దె పుస్తకాల కొట్టు. పందొమ్మిది వందల అరవై అయిదులో ఎర్రజెండా వాళ్లంటూ మనుషుల్ని చంపి పాతేసిన సంగతి మీద ఇప్పుడు నవలలు వరసపెట్టి వస్తున్నాయి, ఆవిడ ఒక్కటీ వదలదు, ఒక్కదాన్నీ మెచ్చదు. ఆవిడ నోటికి జడిసి రచయితలు ఆ వీధి మొహం చూడరు. రెండేళ్ల కిందట అచ్చయిన తన మొదటి నవల ఎలా ఉందో చెప్పించుకుందామని లారస్ మాత్రం తనంతట తానే వచ్చి కూర్చుంది, పాపం.

“అది తియ్యకు తల్లీ, కూర మీద మూత పెట్టా దాన్ని.”

“అయ్యో బామ్మగారూ, ఈ పుస్తకానికి జకార్తాలో బహుమతి వచ్చిందండీ!”

“వస్తే? అందులో చచ్చిపోయినవాళ్లందరూ మహానుభావులే. ఒక్కడూ అబద్ధమాడడు, ఒక్కడూ పెళ్లాన్ని తిట్టడు. మా అన్న నా చెవిదుద్దులు అమ్మేసి సైకిలుకి టైర్లు వేయించుకున్నాడు, వెధవ. అయితే మాత్రం? చంపెయ్యొచ్చా? మంచివాడైతేనే న్యాయం అడగాలా?”

“నిజమేనండీ.”

“ఆ పచ్చ అట్టది ఇంకా ఘోరం. పట్నం పిల్ల వస్తుంది, మాబోటి వాళ్లని చూసి వలవలా ఏడుస్తుంది, తనెవరో తనకి తెలిసిపోతుంది, రైలెక్కి చక్కా పోతుంది. మేం ఎక్కడున్నామో అక్కడే.”

“అది గుర్తింపు గురించండీ. తన మూలాలు...”

“అట్టల మీద ఇప్పుడు అందరూ వేసుకుంటున్నారుగా ఆ మాట! టీచరమ్మ పరీక్ష పాసయితే, ఫలానావాడి చెల్లెలని గుర్తుపట్టి ఇంటికి పంపేశారు నన్ను. ఎవరూ గుర్తుపట్టకపోతే చాలురా దేవుడా అనుకుంటూ బతికాం మేము.”

“మరి... నాది?”

“టీ తాగు, చల్లారిపోతోంది.”

“బాగాలేదా?”

“ఎవరికీ అద్దెకివ్వలేదు. నా దిండు కింద ఉంది.”

“బామ్మగారూ!”

“పొంగిపోకు. ఒక తప్పు రాశావు. నీ నవల్లో వాణ్ణి పట్టుకుపోతుంటే పిడికిలెత్తి పాట పాడాడన్నావు. పాటా? మా అన్న కార్సిద్‌ని తీసుకుపోయేటప్పుడు నేను తలుపు వెనకాలే ఉన్నా, పన్నెండేళ్ల పిల్లని. ‘ఒక్క సిగరెట్టు కాల్చుకోనివ్వండర్రా’ అని బతిమాలాడు. లవంగం సిగరెట్లంటే వాడికి ప్రాణం. వాళ్లలో ఒక కుర్రాడు వాడి భుజం మీద చెయ్యేసి, ‘పద, అక్కడికెళ్లాక నేనిస్తాగా’ అన్నాడు. ఇచ్చాడో లేదో. చంపారని తెలుసు, దానికి ఏడ్చేశాను. ఆ సిగరెట్టు ఇచ్చాడా లేదా అన్నదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.”

“సిగరెట్టా?”

“ఏం?”

“ఏం లేదు. చెప్పండి.”

“ఇంకేం చెప్పను? ఈ పుస్తకాలన్నీ ఎందుకు చదువుతున్నాననుకున్నావు, తీర్పులు చెప్పడానికా? వాణ్ణి ఎక్కడ పాతారో ఎవరైనా రాస్తారేమోనని. రంజాను ఉపవాసాల ముందు ఈ రువా నెలలో ఊరంతా పూలు పట్టుకుని తమ వాళ్ల సమాధులకి పోతుంటే, నేనెక్కడికి పోను? చివరికి నువ్వు రాశావు.”

“నేను...”

“ఏటి వంపు, పాత పడవల రేవు, మూడు బూరుగు చెట్లు, ఒకటి నీళ్ల మీదికి వంగి. పక్కింటాయన బండెక్కి వెతుక్కుంటూ పోయా. అచ్చం అలాగే ఉందే తల్లీ! కూలబడి ఏడ్చా. రెండేళ్ల నుంచి పూలు వేసి వస్తున్నా. ఇవాళా పోవాలి, అదిగో బుట్ట. నువ్వూ రా. సరిగ్గా ఏ చెట్టు కిందో చూపించు.”

“నాకు... నాకు సాయంత్రం బస్సుందండీ.”

“దారిలోనే కదా.”

“అది కాదు.”

“మరి?”

“అది నవలండీ.”

“తెలుసు. అట్ట మీద ఉంది.”

“కల్పించానండీ. ఆ గొయ్యి, ఆ రాత్రి, అంతా. ఎవరూ నాకేం చెప్పలేదు. ఆ రేవు మా తాతయ్య ఊళ్లోది. చూసిన చోటయితే బాగా రాయొచ్చని పెట్టుకున్నా, అంతే. నన్ను క్షమించండి. మీరు వట్టి నేల మీద... బామ్మగారూ? తిట్టండి, పోనీ.”

“తిట్టను. అడుగుతా. గొయ్యి ఆ వంపులోనే ఎందుకు తవ్వించావు?”

“ఏమో. తోచింది.”

“ఆ వంపులో పట్టిన చేపని నీ కథలోని ఇంట్లో ఎవరూ తినరని రాశావు. అది చదువుతుంటే ఒళ్లు జలదరించింది నాకు. అదీ తోచిందేనా?”

“అది మా ఇంట్లోదే. చిన్నప్పుడు అక్కడ చేప పట్టుకొస్తే తాతయ్య నా చెంప వాయించి, దాన్ని తీసుకెళ్లి మళ్లీ ఏట్లో పడేశాడు.”

“ఎందుకట?”

“బురద వాసనన్నాడు.”

“పై రేవులో చేపకి లేదా బురద వాసన?”

“...అది తినేవాళ్లం.”

“ఊఁ.”

“అలా చూడకండి బామ్మగారూ. మా తాతయ్య చాలా మెత్తని మనిషి. పండక్కి కోడిని కూడా కోసేవాడు కాదు.”

“ఎప్పట్నుంచి?”

“ఏంటండీ?”

“ఎప్పట్నుంచి కోసేవాడు కాదు?”

“...తెలీదు.”

“ఉన్నాడా?”

“పోయాడు. ఆరేళ్లయింది.”

“సరే. ఇంకొక్క మాట. నేను వెళ్లేసరికి ఆ వంగిన చెట్టు మొదట్లో పూలు ముందే వేసి ఉంటున్నాయి. రెండేళ్లూ అంతే. నీ పుస్తకం చదివి నాలాంటిదే ఇంకో దిక్కులేనిది వస్తోందనుకున్నా. నాకూ ఒక తోడుందని సంతోషపడ్డా. మరి నువ్వు కల్పించినదైతే ఆ పూలెవరివి?”

“ఆ వంగిన చెట్టు కిందేనా?”

“ఆఁ, అక్కడే. ఎవరివి తల్లీ?”

“మా నాన్నవి.”

“నీ పుస్తకం చదివాడా?”

“నాన్న పుస్తకాలు చదవడు. మా వాళ్ల సమాధులన్నీ మసీదు వెనకాల. అక్కడయ్యాక తాతయ్య ఒక్కడే, మిగిలిన పూలు పట్టుకుని ఏటి వైపు పోయేవాడు. ఆయన చనిపోయాక నాన్న వెళ్తున్నాడు. ఎందుకని అడిగితే, ‘తాత మానొద్దన్నాడు, మానట్లేదు’ అంటాడు.”

“ఒట్టి పూలేనా?”

“మా ఇంట్లో పొగ తాగేవాళ్లు లేరు బామ్మగారూ. తాతయ్య తాగలేదు, నాన్న తాగడు. కానీ ఏటా ఆ రోజు, పూలతో పాటు ఒకే ఒక్క లవంగం సిగరెట్టు కొంటారు. అక్కడికెళ్లాక వెలిగించి, నేలలో గుచ్చి వస్తారు.”