వంట బాగుందంట

నవ్వకు బావా, నాకు ఒళ్లు మండుతోంది. తలుపుకి అడ్డం నించోకు. వెలుతురు లేక ఈ కుర్చీ చెయ్యి ఎక్కడ గరుగ్గా ఉందో కనపడి చావట్లేదు.

కారు మలుపు తిరిగిందిగా. ఇప్పుడు చెప్పు. ఆ పెద్దావిడ వెళ్తూ వెళ్తూ నా చెయ్యి తీసి నీ చేతిలో ఎందుకు పెట్టింది?

మర్యాదా? మరి అమ్మ చెయ్యి తీసి నాన్న చేతిలో పెట్టలేదేం? పైగా నా ఉంగరం వేలు తడిమి, నీకేసి చూసి, ఇంకా తొడగలేదేం అన్నట్టు తల ఊపింది. అది తెలియడానికి భాష రావాలా?

మనం చేసే కుర్చీలు చూడ్డానికి వచ్చిన తల్లీకొడుకులు. మూడు రోజులు మన మేడ మీద గదిలో ఉన్నారు. వాళ్ల మాట మాకు ఒక్క ముక్క రాదు, మన మాట వాళ్లకి రాదు. ఓడల్లో తిరిగి నాలుగు మాటలు నేర్చుకొచ్చిన మేనల్లుడివని నాన్న నిన్ను మధ్యలో కూర్చోబెట్టాడు.

వచ్చిన రోజే ఆ అబ్బాయి, నేను ఎమరీ పేపరుతో రుద్దిన కుర్చీ చేతి మీద కళ్లు మూసుకుని అరచెయ్యి రాశాడు. నా గుండె ఆగినంత పనైంది. అవును, అయింది. నా పనిని ఇంట్లో ఎవరైనా అలా తాకి చూశారా?

"అది నేను చేశానని చెప్పు బావా" అన్నాను. నువ్వేదో చెప్పావు. అతను నీ భుజం తట్టాడు. రుద్దింది నేనైతే నీ భుజం ఎందుకు తట్టాడో అప్పుడైనా అనుమానం రావద్దూ నాకు?

నిన్న భోజనాల దగ్గర, స్పూను పక్కన పెట్టి మరీ, నాకేసి చూస్తూ ఎంతసేపు మాట్లాడాడు! నేను నీ మొహం చూస్తున్నాను. నువ్వు మంచినీళ్లు తాగి, మూతి తుడుచుకుని, "వంట బాగుందంట" అన్నావు.

వంట చేసింది అమ్మ.

అసలు ఏమన్నాడు? నేల చూపులు చూడకు.

ఏంటి? వాళ్ల కార్ఖానాలో పని నేర్చుకోడానికి వస్తానేమో కనుక్కోమన్నాడా? పని గురించా... నేనింకేదో అనుకున్నాలే. పోనీ, అదీ తక్కువేం కాదు. ఎగిరి గంతేసేదాన్ని. నువ్వేం చెప్పావు?

"నేను చేసుకోబోయే పిల్ల, రాదు" అన్నావా? మొదటి రోజు అతను నీ భుజం తట్టిందీ అందుకేనన్నమాట.

పనీ, పెళ్లీ, రెండు సంగతులూ నావే. రెండిటికీ జవాబు నువ్వే ఇచ్చేశావు.

ఇంకోటి కూడా విను. వాళ్లు రాకముందు నన్నడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని. నువ్వంటే ఇష్టమేనని అమ్మతో అన్నాను కూడా. నా ఎదురుగా నించుని మన మాటలో అడగడానికి నీకు నోరు పెగల్లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లకి మాత్రం వాళ్ల మాటలో చక్కగా చెప్పుకున్నావు.

ఇక నువ్వు ఏ భాషలో అడిగినా నాకు అర్థం కాదు.