ఊరి దారుల్ని మూటగట్టి కొట్టుకెల్లిన దాలమ్మ

దాలమ్మని గెడ్డవలసలో ఎవుర్నడిగినా సెప్తారు. ఎప్పుడు సూడు, నడుం మీద పిల్లతోటే కనబడీది. పిల్లంటే పాలు తాగే పిల్లనుకునేరు, ఐదేళ్ళ గుంట! కాయితాల్లో మోక్షిత, మా నోళ్ళకి మోచ్చి. పుట్టుకతోటే కాళ్ళకి సత్తువ లేదంట ఆ గుంటకి. కళ్ళు బాగున్నాయి, సేతులు బాగున్నాయి, నోరైతే మరీ బాగుంది, ఆ కాళ్ళే నిలబడవు. తల్లి ఎత్తితే లోకం, దించితే గుమ్మం, అంతే దానికి. గెడ్డకి, అదే వాగుకి, నీళ్ళకెల్లినా, పొలానికెల్లినా, కొట్టుకెల్లినా సంకనేసుకునే ఎల్లీది దాలమ్మ. ఏమైందంటే ఒకరోజు పొలం గట్టు మీద ఎల్తంటే నడుం కలుక్కుమంది. అలాగే కూలబడిపోయింది. పిల్లని కింద పడనీలేదనుకో, గుండెలకి అదిమేసుకుని తను కూలింది. టౌన్లో డాక్టరు గారు సూసి ఏమన్నారంటే, "అమ్మా, ఇంక నువ్వు పిల్లని ఎత్తకూడదు. ఎత్తేవంటే రేపు నిన్నెత్తడానికి ఇంకో మనిషి కావాలి" అన్నారంట. మరి పిల్లనేం సెయ్యమంటారు బాబూ, గుమ్మంలోనే పెట్టీమంటారా అనడిగింది. తోసుకెల్లే బండి కొనుక్కోమన్నారంట ఆయన.

దాలమ్మ మొగుడు గౌరీసు. తాపీ పని. మంచోడే పాపం, కానీ తొందర మనిషి. పెళ్ళాన్ని అడగనే లేదు. మర్నాడు పనిలోంచి వత్తా వత్తా ఓ బండి మోసుకొచ్చీసేడు. నాలుగు సక్రాలు, గులాబీ రంగు గొడుగు, పక్కన గిలకలు, అబ్బో! ఊరంతా ఒచ్చి సూసింది. కానీ ఆ సక్రాలు సూడాలి మీరు, ఇదిగో, నా అరిసెయ్యంత లేవు. నున్నటి గచ్చు మీద పాములా ఎల్లింది. దాలమ్మ కూడా మురిసిపోయింది, అబద్ధమెందుకు. పొద్దున్నే మొగుడు పిల్లని కూకోబెడితే గెడ్డకి తోసుకెల్లింది. రోడ్డు దిగి ఇసకలో అలా అడుగెట్టిందో లేదో, ముందు సక్రాలు రెండూ కస్సుమని దిగిపోయేయి. దిగిపోయేయని ఈవిడికి తెలిసేలోగానే ఎనక లేచింది బండి. లేచి, బోర్లా పడింది. పిల్ల మొహం ఇసకలో! నోట్లో ఇసక, ముక్కులో ఇసక, ఊపిరందక గుంట నీలంగా తిరిగిపోయింది. దాలమ్మ ఏలెట్టి నోట్లో ఇసక తీసి, ఈపు మీద రెండు సరిసేసరికి అప్పుడేడిసింది పిల్ల. ఆ ఏడుపు ఇని తల్లి ఏడిసింది.

ఇంటికొచ్చేక గౌరీసు, "ఇసకలోకి ఎవరు తోయమన్నారే? రోడ్డు మీద తోసుకోవాలి గానీ" అన్నాడంట. "రోడ్డు మనింటి కాడికొచ్చిందేటి మావా? మనకున్నది గెడ్డ, గట్టు, కంకర, కొండ. ఆ బండి మనూరిది కాదు" అందంట దాలమ్మ. మార్చుకొత్తానంది. నీకేటి తెలుసు బండ్ల గురించన్నాడు ఈడు. నాకు బండి తెలీదు, దారి తెలుసు అంది. అనీసి ఏం సేసిందో సెప్తే మీరు నమ్మరు. మూడు గోనిసంచులు తీసింది. ఒకదాన్లో గెడ్డ ఇసక. ఒకదాన్లో పొలం మట్టిబెడ్డలు. ఇంకోదాన్లో కంకర. బియ్యం సంచొకటి కట్టింది, పద్నాలుగు కేజీలు, సరిగ్గా మోచ్చి బరువు. ఏటే పిచ్చెక్కిందా అన్నాడు గౌరీసు. ఈవిడ పిల్లని మొగుడికప్పజెప్పింది, నూకరాజు ఆటోని పిలిసి, సంచులన్నీ ఆడిసేతే ఎక్కించి, ఆ గులాబీ రంగు బండిని వాటి మీదెట్టించి, ఎల్పోయింది.

గౌరీసు ఆ బండి కొన్న పిల్లల సామాన్ల కొట్టు టౌన్లో జోగారావు గారిది. పెద్ద కొట్టు, అద్దాల తలుపులు, లోపల పాలరాయి. ఆయన మంచిగానే మాటాడేడంట. "మార్చుకోమ్మా, దానికేం. మూడు సక్రాలవి కొత్తగా వచ్చాయి, ఎలాంటి దారైనా ఎల్లిపోతాయి" అన్నాడు. ఎలాంటి దారైనా ఎల్తాయా బాబూ? ఎల్తాయమ్మా. అయితే సూద్దాం అనీసి, నూకరాజూ ఆ సంచులిలా తే అందంట. అనడం, ఆ పాలరాయి మీద ఇసక సంచి బోర్లించీడం ఒకేసారి! జోగారావు గారు గుడ్లప్పగించేసేడు. "ఏయ్ ఏయ్, ఏటిది? ఏం సేస్తన్నావమ్మా?" అంటన్నాడు, ఈలోగా మట్టిబెడ్డలు పడ్డాయి, ఆ పక్కన గరగరా కంకర పడింది. కొట్లో పనోళ్ళు నోళ్ళు తెరిసేసేరు. పక్క కొట్లో గాజులు కొనుక్కోడానికొచ్చినోళ్ళు గుమ్మంలో ఆగిపోయేరు. దాలమ్మ కొంగు బిగించి, "ఇది మా గెడ్డవలస బాబూ. ఇక్కడెల్తే అక్కడా ఎల్తాది. తియ్యి నీ బండ్లు" అంది.

కోపమొచ్చింది ఆయనకి, రాదేటి మరి? కానీ అంతమంది సూత్తన్నారు, ఎలాంటి దారైనా అని తనే అన్నాడు. సరే అని మొదటి మూడు సక్రాల బండి తీసేడు. ముందు సక్రం ఎటుబడితే అటు తిరిగే రకం. గచ్చు మీద ఏలితో తిప్పొచ్చు దాన్ని. దాలమ్మ బియ్యం సంచిని నూకరాజు సేత కూకోబెట్టించి, పట్టీలు కట్టి, కంకర మీదకి తోసింది. ఆ ముందు సక్రం ఏమైందంటే, రాయి తగిలిందల్లా పక్కకి తిరిగిపోడమే. తిరిగి అడ్డంగా ఆగిపోడం. సంచి ముందుకి ఒరిగిపోడం. "ఇది వద్దు" అంది. రెండోది తీసేరు. అది ఎల్లింది గానీ సక్రాలు గట్టి పిలాస్టిక్కు, బెడ్డల మీద ఎగిరెగిరి పడతంటే బియ్యం సంచి కుట్లు ఊడిపోయేయి. "సంచే ఇలాగయితే పిల్ల ఎముకలేటవుతాయి బాబూ?" అందంట. జోగారావు గారు మూడోది ఎనక గదిలోంచి తెప్పించేడు. మూడూ గాలి టైర్లే, సైకిల్ సక్రాలంత పెద్దవి. ముందు సక్రానికి ఓ మేకుంది, అది ఎయ్యగానే సక్రం అటూఇటూ తిరగదు, తిన్నగా ఎల్తాది. గచ్చు మీదైతే మేకు తీసుకోడం, కంకర మీదైతే ఏసుకోడం. కుట్లూడిన సంచిని తాడుతో బిగించి, నూకరాజు సేత అందులో పెట్టించి తోసింది. ఇసకలో దిగలేదు. బెడ్డల మీద ఊగింది గానీ ఎగర్లేదు. కంకర మీద కరకరమంటా సాగిపోయింది. కొట్లో జనం సప్పట్లు కొట్టేరంటే నమ్ముతారా? జోగారావు గారు కూడా నవ్వేడు, "సాలా అమ్మా, ఇంక కట్టించనా?" అన్నాడు.

"వాలు సూడాల బాబూ" అంది దాలమ్మ. వాలు మూటకి రాదు కదా, అందుకు తేలేదు. మాది కొండ కింద ఊరు, ఎత్తు మీద ఆపి ఓసారి సెయ్యొదిలితే నిలబడాల కదా అంది. కొట్టు ముందర లారీల్లోంచి సామాను దించుకునే సెక్క ఒకటుంది, గుమ్మం నుంచి రోడ్డుకి వాలుగా. బండిని దాని మీదెట్టేరు. ఎనక సక్రాల కాడ కాలితో నొక్కే బ్రేకుంది, జోగారావు గారే స్వయంగా నొక్కేడు. "సూడమ్మా, కొండలా నిలబడింది" అన్నాడు. నిలబడింది, నిజమే. దాలమ్మ సెయ్యొదిలింది. ఒకటి, రెండు అని ఎంచుతుంది మనసులో. ఐదు దాకా ఎంచిందో లేదో టక్కుమని సప్పుడైంది. కదిలింది బండి! పట్టుకోబోయింది ఈవిడ, అందలేదు. సెక్క మీద నుంచి సర్రున దిగి, రోడ్డు మధ్యకెల్లి, అప్పుడే వత్తన్న బస్సు కింద పడింది. డ్రైవరు బ్రేకేసేడు, ఏత్తే ఏటి లాభం. బండి అప్పడమైపోయింది. బియ్యం సంచి పగిలి రోడ్డంతా తెల్లగా పరుసుకుపోయింది.

  డ్రైవరు దిగి, పిల్లలెవరైనా ఉన్నారేమోనని బస్సు కిందకి ఒంగి సూసి, బియ్యమే అని తెలిసి, అక్కడే రోడ్డు మీద కూకుండిపోయేడంట. దాలమ్మ ఆ బియ్యం సూత్తంది. పద్నాలుగు కేజీలు. తనే తూసింది, తనే కట్టింది. పట్టీలు తనే బిగించింది. కళ్ళు మూసినా అదే, తెరిసినా అదే. నూకరాజు నీళ్ళు తెత్తే తాగకుండా మొహం మీద ఒలకబోసుకుంది.

ఇంటన్నారా, అసలు ముక్క ఇప్పుడు. జోగారావు గారు మొహం తెల్లగా పాలిపోయి, లోపలికి పరిగెత్తేడు. ఎందుకనుకున్నారు? అలాంటి బండ్లు అప్పటికే రెండు అమ్మేసేడు! పుస్తకం తీసి ఫోన్లు సేత్తన్నాడు. మొదటోళ్ళు ఎత్తేరు, ఇంకా పెట్టి విప్పలేదన్నారు. రెండోళ్ళు ఎత్తలేదు. మళ్ళీ సేసేడు. ఎత్తలేదు. మూడోసారికి ఒక ముసలావిడ ఎత్తింది. పిల్లాడెక్కడున్నాడమ్మా అని అరిసేడు ఈయన. "బండిలోనే బాబూ, డాబా మెట్ల కాడ గాలికెట్టేను, బ్రేకేసే ఉంది" అందంట ఆవిడ. "తియ్యండి! పిల్లాణ్ణి తియ్యండమ్మా ముందు!" అని కొట్టు దద్దరిల్లేలా అరిసేడు. అటునుంచి ఫోను కింద పడ్డ సప్పుడు. పరుగు. తర్వాత సాలాసేపు ఏం లేదు. తర్వాత పిల్లాడి ఏడుపు, నిద్దర్లేపితే ఏడిసే ఏడుపు, అదినిపించింది. అప్పుడాయన కుర్సీలో కూలబడి, దాలమ్మకేసి సూసి దణ్ణమెట్టేడంట. ఇంక ఈ రకం బండి అమ్మనమ్మా, నీకు వేరేది తెప్పిస్తాను అన్నాడు.

అప్పుడు దాలమ్మేమందో సూడండి. "వద్దు బాబూ. బండి మంచిదే. సక్రాలు మంచివి, పట్టీలు మంచివి. ఆ బ్రేకే ఎవడో సరిగ్గా బిగించలేదు. ఇంకోటుంటే తే, బిగించేవాణ్ణి పిలు" అంది. అంత జరిగేక కూడా! పక్కన సైకిళ్ళు బాగుసేసే ఆయన్ని పిలిసేరు. ఆయన అప్పడమైన బండిని సూసి, పెట్టిలోంచి తీసి జోడించినప్పుడు బ్రేకు తీగ లాగి కట్టలేదు, వదులుగా ఉంది, అందుకే జారింది అన్నాడు. కొత్తదానికి తీగ లాగి, రెండు మరలు బిగించేడు. మళ్ళీ సెక్క మీదెట్టేరు, ఈసారి రెండు బియ్యం సంచులు, కొట్టాయనియ్యే. "కిందన నువ్వు నిలబడు బాబూ" అందంట దాలమ్మ. ఊరంతటికీ పెద్దమనిషి, ఆయన్ని!  జోగారావు గారు దిగి, సెక్క సివర బండికెదురుగా నిలబడ్డాడు. సెయ్యొదిలింది. ఈసారి యాభై దాకా ఎంచింది. కదల్లేదు. బండి ఊపమంది, ఊపేరు. కదల్లేదు. అప్పుడు, "ఇది కట్టు బాబూ" అంది. ఆ ఇసకా మట్టీ తనే సీపురట్టుకుని ఊడిసి మరీ వచ్చింది.

ఇంటికొచ్చి గౌరీసుకి జరిగింది సెప్తే, ఆడు పిల్లకేసి సూసి, పొయ్యి కాడికెల్లి అన్నం వండీసేడంట. మర్నాడు పొద్దున్న మోచ్చిని మొగుడి సేత బండిలో కూకోబెట్టించి పట్టీలు కట్టి, ఎక్కడికెల్దామే అనడిగింది తల్లి. గెడ్డకంటాదనుకుంది. ఆ గుంట ఏలెట్టి కొండకేసి సూపించింది. "దానెనక్కి" అంది. సూర్యుడు రోజూ అక్కడికే ఎల్తన్నాడు, అక్కడేటుందో సూడాల అంది. సరే అనీసి మొగుడూ పెళ్ళాం మార్సి మార్సి తోసేరు. కంకర మీద మేకేసి, నున్నటి కాడ తీసి, ఊపిరి పీల్సుకోడానికి వాలు మీద ఆగినప్పుడల్లా బ్రేకు నొక్కి, పైగా సెయ్యి కూడా ఒదలకుండా. రెండు గంటలు పట్టింది. పైకెక్కి అటేపు తిప్పేరు. అవతల ఏముంది? పొలాలు, గెడ్డ, పెంకుటిళ్ళు, దడి మీద సీరలారేసుకుంటన్న ఒకావిడ. గుంట నోరు తెరుసుకుని సూసింది. సూసి సూసి, "అమ్మా, ఇక్కడ కూడా మనుసులే ఉన్నారే!" అంది.

మీరు నవ్వుతారు గానీ, నేనా మాట ఇన్నప్పుడు నవ్వలేదు. నేనా కొండ ముప్ఫై ఏళ్ళు ఎక్కి దిగేను, కట్టెలకి. ఒక్కసారైనా అవతలోళ్ళని సూసి అలాగ ఆశ్చర్యపోయేనా? లేదు. సెప్పులరిగిపోయేయని తిట్టుకోడమే.