బోల్టు నీ దగ్గరే ఉంచు

తండ్రితో కలిసి షూటింగ్ క్లబ్బు నుంచి ఆయన ఇంటికి రాగానే, తుడుద్దామని కూతురు ఆయన పాత రైఫిల్‌లో తూటా గదిని మూసే బోల్టును వెనక్కి లాగింది. లోపల్నుంచి చిన్న తూటా ఒకటి ఎగిరి పడి బల్ల మీద దొర్లింది. పేలని తూటా.

"నాన్నా, ఇదేంటి?"

"ఖాళీ చేశాకే సంచిలో పెట్టానమ్మా."

"చేస్తే ఇదెక్కడిది? దారంతా కారులో నా సీటు వెనకే ఉంది."

"నువ్వు పుట్టకముందు నుంచీ పట్టుకుంటున్న తుపాకి. తాతకు దగ్గులు నేర్పకు."

"నేర్పింది నువ్వే కదా. బోల్టు తెరిచి కళ్లతో చూడు, వేలు పెట్టి తడుము, ఆ తర్వాతే నమ్ము అన్నావు."

"చూశాను." ఆయన తూటా వైపు చూశాడు. "చూసినట్టే గుర్తు."

"మొన్న స్టవ్ కట్టేశానని కూడా ఇలాగే అన్నావు."

"స్టవ్వూ ఇదీ ఒకటేనా?"

"కాదు కాబట్టే భయమేస్తోంది నాన్నా."

ఆయన ఆ తూటాను తీసి బల్ల మీద పక్కన పెట్టాడు. తర్వాత రైఫిల్ అందుకుని, బోల్టు మొత్తం ఊడదీసి, నూనె గుడ్డలో చుట్టి కూతురి చేతిలో పెట్టాడు.

"ఇది లేకపోతే అది ఉత్త కర్ర. తుడుచుకుంటూ కూర్చుంటాను. దీన్ని మాత్రం నీ ఇంటికి పట్టుకుపో. నేనడిగినా ఇవ్వకు."

"అడుగుతావా?"

"అడుగుతాను. ఇవ్వకపోతే నోటికొచ్చినట్టు తిడతాను కూడా. అయినా ఇవ్వకు."

"అప్పుడు నీకేం చెప్పను?"

"మా నాన్న ఇవ్వొద్దన్నాడని చెప్పు."