మెడకు వాత

మెడ గడ్డకు మద్రాసులో సూదిమందు ఎక్కించుకొని, నెత్తిన ఒక్క వెంట్రుకైనా మిగలకుండా తిరిగొచ్చిన మొగుడు నులక మంచం మీద పడుకొని వింటున్నాడు. వాకిట్లో అతని అన్న, ఎర్రగా కాల్చిన కొడవలితో. గడప మీద భార్య, రోకలితో.

“పక్కకు జరుగమ్మీ. గడ్డ మళ్లా లేయకుండా వానికి వాత పెట్టాల. ఎద్దుకైనా మనిషికైనా మనింట్లో ఇదే మందు.”

“లోపలికొస్తే నీ తల పగులుతాది బావా.”

“ఆలూరు సంతదావలో నన్ను జూసి చిరుతపులే తోక ముడిసింది. నీ రోకలికి బెదురుతానా?”

“ఆ పులికి మొగుడు మంచాన పడి ల్యాడు.”

“గడ్డ పోయింది గదా, ఇంగేం భయం?”

“ఆ మందు గడ్డను సంపింది, నెత్తురులో బలాన్నీ సంపింది. ఇప్పుడు చిన్న పుండైనా చీముపట్టి పాణం తీస్తాదని డాక్టరు జెప్పినాడు. కాచిన నీళ్లు తాపమన్నాడు, గుడ్లు పెట్టమన్నాడు, జరమొచ్చినోళ్లను దగ్గరికి రానీయద్దన్నాడు. కాల్చమనలేదు.”

“మా తాతకు తెలియంది ఆ డాక్టరుకు తెలుసునా? జరుగు.”

రోకలి దెబ్బకు కొడవలి కిందపడింది. ఆమె పిడి పట్టుకొని ఎత్తి, బావ ముంజేతికి అదిమింది. తోలు కాలిన వాసన మంచం దాకా వచ్చింది. మొగుడు రెండు చేతులతో తన మెడ కప్పుకున్నాడు.

“సంపితివి గదే నన్ను...”

“నీది మానుతాది బావా. ఆయనది మానదు.”